సితార కట్టిన గడప

జగిత్యాల,
డిసెంబరు 8.

ప్రియమైన కౌసర్,

మంత్రాల తగవు ఒకటి వచ్చింది, అందుకే ఈ ఉత్తరం. సిరిసిల్ల బడిలో ఉద్యోగానికి వెళ్తూ నువ్వు పెట్టిన షరతు మేమెవరమూ మరిచిపోలేదు. ఆటలో రెండు మంత్రాలు ఒకదానికొకటి అడ్డం వస్తే ఎవరూ నోటికొచ్చిన తీర్పు చెప్పకూడదు, నీకు ఫోన్ కూడా చేయకూడదు, సంగతంతా మొదటినుంచి కాగితం మీద రాసి పోస్టులో వేయాలి. ఫోన్లో అడిగితే మజర్ అరుపులకు నీ బుర్ర పనిచేయదన్నావు. నీ జవాబులో గీత పైన ఉన్నది తీర్పు, దాన్ని భాస్కర్ అందరి ముందూ చదువుతాడు. గీత కింద ఉన్నది మనిద్దరి మాట, అది నేనొక్కదాన్నే చదువుతాను.

ఇక తగవు. మన ఆటలోకి ఉజ్మా అని కొత్తమ్మాయి వచ్చింది. ఇక్కడ మా ఆఫీసు ఎదురుగా వాళ్ళ నాన్నకు గాజుల దుకాణం ఉంది. ఒక మధ్యాహ్నం నేను టిఫిన్ డబ్బా పక్కన ఇరవై ముఖాల పాచికను దొర్లిస్తుంటే చూసి, "గిదేం పాచికక్కా, గిన్ని మొకాలున్నయి?" అని అడిగింది. చెప్పాను. బోర్డు లేదు, పావులు లేవు, నేను కథ చెబుతాను, మీరు తలా ఒక పాత్రయి ఏం చేస్తారో చెబుతారు, పాచిక ఒప్పుకుంటే అది జరుగుతుంది అని. మరుసటి ఆదివారమే కోరుట్ల బస్సెక్కి మా మేడమీది గదికి వచ్చేసింది. ఆమె పాత్ర పేరు జుగ్నూ, నీడలతో పనిచేసే మంత్రగత్తె.

చిక్కు ఎక్కడంటే, ఇప్పుడు కథంతా కోట లోపల నడుస్తోంది. నువ్వు వెళ్ళేముందు నీ పాత్ర సితార ఆ కోటకు గడపకట్టు వేసింది. ఆమె గడప మీద నిలబడి ఎవరి పేరు పలికిందో వాళ్ళే దాటగలరు. మజర్ ఆడే దొంగ పేరు, భాస్కర్ ఆడే వైద్యుడి పేరు పలికావు, అంతే. సితార కోటలో ఉన్నంతకాలం కట్టు నిలుస్తుంది. మెలకువగా ఉన్న పాత్రకు ఆడే మనిషి లేకపోతే ఆ పాత్ర కథలోంచి వెళ్ళిపోవాలన్నది మన నియమం కనుక, సితారను నేను నిద్రమంత్రంలో పెట్టి లోపలి గదిలో పడుకోబెట్టాను. ఇవన్నీ నీకు తెలిసినవే, అయినా మొదటినుంచి రాయమన్నది నువ్వే.

జుగ్నూ దగ్గర నీడతోడు అనే మంత్రం ఉంది. దానితో మజర్ దొంగకు నీడై, అతని కాళ్ళ వెంట లోపలికి రావచ్చా? నువ్వు ఒక్క ఆదివారం వచ్చి పేరు పలికితే అయిపోయే పనే, కానీ నీకు పదో తరగతి స్పెషల్ క్లాసులు కదా.

ఉజ్మా చురుకైనది. నియమాల పుస్తకం వారంలో చదివేసింది. కిటికీ పక్క కుర్చీలో కూర్చుంటుంది.

నీ
ప్రేమ


సిరిసిల్ల,
డిసెంబరు 15.

ప్రేమా,

తీర్పు: రాకూడదు. గడపకట్టు చూసేది వచ్చేది ఎవరని, ఏ రూపంలో వస్తున్నారని కాదు. నీడైనా పొగైనా లోపల ఉన్నది జుగ్నూయే, ఆమె పేరు సితార పలకలేదు. నీడ గడప దగ్గర ఆగిపోతుంది. మజర్ దొంగ నీడ లేకుండా లోపలికి వెళ్తాడు.

————

కిటికీ పక్క కుర్చీ ఆమెకు ఎవరిచ్చారు? ఊరికే అడుగుతున్నాను. ఆ కుర్చీకి ఒక కాలు పొట్టి, కింద అట్టముక్క పెట్టకపోతే ఊగుతుంది. పెట్టుకుందో లేదో. పడిపోతే నాకేం సంబంధం లేదు.

పుస్తకం వారంలో చదివిందా? నాకు నాలుగు నెలలు పట్టింది. ఆ ఇంగ్లీషు మంత్రాలన్నిటికీ తెలుగు పేర్లు పెట్టింది నేను. మీరందరూ చాయ్ తాగుతూ ముచ్చట్లు పెట్టుకుంటుంటే డిక్షనరీ ముందేసుకుని కూర్చున్నది నేను. వారంలో చదివితే అది చదవడం కాదు, పేజీలు తిప్పడం. ఈ మాట ఆమెతో అనకు.

ఇక్కడ మా గది వెనకే మరమగ్గాలు. నాతో వచ్చిన కొత్తలో అమ్మకు ఆ చప్పుడుకు నిద్ర పట్టేది కాదు, ఇప్పుడు మగ్గం ఆగితే లేచి కూర్చుంటోంది. నిన్న రాధమ్మ టీచర్ బియ్యప్పిండితో సర్వప్ప కాల్చి తెచ్చింది, ఇద్దరం స్టాఫ్ రూములో తిన్నాం. మెత్తగా బాగుంది.

కౌసర్


కోరుట్ల,
జనవరి 11.

ప్రియమైన కౌసర్,

నీ తీర్పు భాస్కర్ చదివాడు. తన నీడ పోయిందని మజర్ ఒకటే గొడవ. "ఏందక్కా గిది, నేనేం పాపం జేసిన, నా నీడను గుంజుకున్నవు?" అని నన్ను పట్టుకున్నాడు, తీర్పు నేనిచ్చినట్టు.

రెండో తగవు. పోయినేడు అడవిలో ఇంటికి కూడా నువ్వు ఇదే కట్టు వేశావు. మజర్ దొంగ రాజకుమారుణ్ణి మేకగా మార్చి తాడు కట్టి తెస్తే లోపలికి రానిచ్చావు. గడపకు మేకతో ఏం పని అన్నావు, అందరం నవ్వాం. మేకలో ఉన్నది రాజకుమారుడే కదా, అతని పేరూ పలకలేదు కదా. మరి మేకకు ఒక న్యాయం, నీడకు ఒక న్యాయమా అని ఇక్కడ ప్రశ్న. 

జుగ్నూ ఇంకా బయటే ఉంది. ఉజ్మా మాత్రం ప్రతి ఆదివారం వస్తోంది. లోపలివాళ్ళు చేసేవన్నీ వింటూ, తన వంతు వచ్చినప్పుడు "నేను గడప కాడ కూసున్న" అంటుంది. బీడీలు చుడుతూ వింటున్న అమ్మకు అది చూసి కోపం వచ్చింది. "ఆ పిల్ల అచ్చి నెల దాటె, ఇంకా బయటనే నిలవెడితిరా? ఒక పీటన్న ఎయ్యరాదుండ్రి!" అంది. ఆటలో పీట ఎలా వేయాలో తెలియక, పాచిక వేసి పీట వేశాను.

రాధమ్మ టీచర్ ఏ సబ్జెక్టు చెబుతుంది?

ప్రేమ


సిరిసిల్ల,
జనవరి 19.

ప్రేమా,

తీర్పు: రెండూ ఒకటి కావు. రాజకుమారుడు మేక అయింది తన మంత్రంతో కాదు, ఇంకొకరి మంత్రంతో. పైగా మేకకు తాను గడప దాటుతున్నానన్న ఎరుకే లేదు. జుగ్నూ తనంతట తాను, తెలిసి, దాటాలని దాటుతోంది. గడపకట్టు ఆపేది ఆ ఉద్దేశాన్ని. నీడ ఆగుతుంది, మేక వెళ్తుంది.

————

మేక సంగతి తవ్వి తీసింది ఎవరు? మజర్‌కు నిన్న తిన్నది ఇవాళ గుర్తుండదు. భాస్కర్ తగవుల జోలికి రాడు. మిగిలింది ఎవరో నాకు తెలుసు. ఆవిడ అప్పుడు ఆటలోనే లేదు, అంటే నువ్వే కూర్చోబెట్టి మన పాత కథలన్నీ చెబుతున్నావన్నమాట. బస్సులో చెబుతావా? జగిత్యాల నుంచి కోరుట్ల దాకా కిటికీ వైపు ఎవరు కూర్చుంటారు?

పీట కూడా వేశారా! నేను ఆడిన ఇన్నేళ్ళలో సితారకు ఎవరూ పీట వేయలేదు.

రాధమ్మ టీచర్ తెలుగు చెబుతుంది. సాయంత్రాలు నాకు స్కూటీ నేర్పుతోంది. నిన్న ఇసుకలో పడ్డాం, ఇద్దరం లేవలేక ఒకటే నవ్వు.

కౌసర్


కోరుట్ల,
ఫిబ్రవరి 23.

కౌసర్,

ఆలస్యమైంది. ఆఫీసులో మిల్లు లెక్కల పని ఎక్కువగా ఉంది.

మూడో తగవు. నీ తీర్పు ప్రకారం ఇంకొకరి మంత్రంతో మారినవారు, తాము దాటుతున్నట్టు తెలియనివారు గడప దాటవచ్చు. మరి జుగ్నూ పీట మీద కునుకు తీస్తున్నప్పుడు భాస్కర్ వైద్యుడు ఆమెను కోడిగా మార్చి, సంచిలో వేసుకుని వస్తే? మంత్రం ఆమెది కాదు, ఆమెకు తెలియనూ తెలియదు. తీర్పు చెప్పు.

రంజాన్ మొదలైంది కనుక ఆదివారం ఆటను నువ్వున్నప్పటిలాగే ఇఫ్తార్ తర్వాతికి మార్చాం. ఉజ్మా ఆ రాత్రి మా ఇంట్లోనే పడుకుంటుంది, తెల్లవారుజామున సహెరీకి అమ్మ లేపి రొట్టె చేసి పెడుతుంది. నీకు చేసినట్టే. "కౌసరుకు ఉల్లిగడ్డ కారం ఇష్టముండె, గీ పిల్ల తింటదో తినదో" అని అమ్మ అడిగింది. తింటుంది.

ప్రేమ


సిరిసిల్ల,
మార్చి 2.

ప్రేమలత గారికి,

తీర్పు: కోడి వేషాలు ఇక చాలు. నీడ అన్నారు, మేక అన్నారు, ఇప్పుడు కోడి. ఇంత తిప్పలు ఎందుకు? కొత్తగా వచ్చినావిడ నా కుర్చీలో కూర్చోవచ్చు, నేను పేర్లు పెట్టిన మంత్రాలతోనే నాతో వాదించవచ్చు, నా కోసం మార్చిన వేళకే ఆడవచ్చు, మీ అమ్మ గౌరవ్వ పెద్దమ్మ చేతి కారం తినవచ్చు. నేను కట్టిన గడప మాత్రం సంచిలో కూర్చుని దాటడానికి వీల్లేదు. పుస్తకం వారంలో చదివిన మనిషికి చివర్లో ఉన్న తుడుపుమంత్రం కనబడలేదా? ఏ కట్టునైనా అది విప్పుతుంది. దొంగచాటుగా కాకుండా అందరి ముందూ ఆ మంత్రం వేసి, నా కట్టు తుడిచి, దర్జాగా లోపలికి రమ్మనండి. చేతనైతే.

————

ఇట్లు,
కౌసర్


జగిత్యాల,
మార్చి 9.

కౌసర్,

నువ్వు ఎప్పుడూ ఉత్తరం మధ్యలో గీస్తావు. ఈసారి గీత అన్నిటికంటే కింద గీశావు. కాగితం మడత విప్పి భాస్కర్ అలవాటుగా గీత దాకా చదువుకుంటూ పోయాడు. "నా కుర్చీలో" అన్న దగ్గర అతని గొంతు తగ్గింది, కానీ ఆపలేదు. తీర్పు మధ్యలో ఆపకూడదన్న నియమం కూడా నువ్వు పెట్టిందే.

ఉజ్మా వింటూ కూర్చుంది. అయ్యాక లేచి కుర్చీ కింది అట్టముక్క సర్ది, గోడ పక్క ముక్కాలిపీట మీదికి మారింది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

ఇప్పుడు విను. కోడి ఆలోచన భాస్కర్‌ది. మేక సంగతి తీసింది నేను. ఉజ్మా దగ్గర తుడుపుమంత్రం మొదటి ఆదివారం నుంచీ ఉంది. వేస్తానని ఒక్కసారి కూడా అనలేదు. నిన్న మజర్ అడిగాడు, "ఉన్నదాన్ని ఎందుకు దాసుకున్నవు, ఎప్పుడో ఏస్తె అయిపోతుండె గదా" అని. ఆమె చెప్పింది రాస్తున్నాను. నన్ను అక్కా అంటుంది, నిన్ను మాత్రం ఆపా అంటుంది.

"తుడుపు ఏస్తె గడపకట్టు ఒక్కటే పోదు మజర్ భాయ్. కోటల ఎన్ని మంత్రాలున్నయో అన్ని పోతయి. లోపట సితార మీద నిద్ర గూడ పోతది. ఆమె లేస్తది. లేస్తె ఆడేటందుకు కౌసర్ ఆపా లేదు. అప్పుడు సితార కథలకెల్లి ఎల్లిపోవాలె. నేను లోపటికి పోయేది గామెను చూద్దామని గాని, ఎల్లగొట్టేటందుకు కాదు."

పుస్తకం తీసి చూశాను. ఆమె చెప్పింది నిజం. రెండు మంత్రాలు ఒకే కోటలో ఉంటే తుడుపు రెండింటినీ తుడుస్తుంది. నాకు తట్టలేదు, నీకూ తట్టలేదు. నువ్వేమో వేయమని తీర్పు రాసి పంపావు. తీర్పు తీర్పేనని భాస్కర్ పట్టుబట్టాడు. అది తీర్పు కాదు, కోపంలో అన్న మాట అని నేనన్నాను. గీత పైన ఉందిగా అన్నాడు. పండుగ దాకా ఆట ఆపాను. పండుగ మరునాటి ఆదివారం ఆడతాం. అప్పటికి నీ నుంచి వేరే మాట రాకపోతే జుగ్నూ తుడుపు వేయాల్సిందే, సితార వెళ్ళిపోతుంది. నువ్వు మాతో ఆడిందల్లా ఇక జ్ఞాపకమే.

ఇంకోటి కూడా చెబుతాను, కోపం రానీ. కథను కోటలోకి తిప్పింది నేను, కావాలనే. ఆటలో నాకు కోట అవసరమే లేదు. నువ్వు జూన్‌లో వెళ్ళావు, డిసెంబరు దాకా ఒక్క ఉత్తరం రాయలేదు. ఫోన్ చేస్తే "బాగున్నా, పేపర్లు దిద్దుతున్నా" అంతే. తగవు ఉంటేనే నువ్వు రాస్తావు. అందుకని తగవు పుట్టించాను. నీడకు జవాబు నాకు తెలుసు, మేకకూ తెలుసు.

రాసిన ప్రతిసారీ ఏం రాశావు? రాధమ్మ టీచర్ సర్వప్ప. రాధమ్మ టీచర్ స్కూటీ. ఇసుకలో పడి నవ్వుకున్నారట. మనిద్దరం డిగ్రీలో సైకిల్ మీదినుంచి పడితే నువ్వు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నా పక్కన ఎవరు కూర్చుంటున్నారని నువ్వు అడిగావు, నీ పక్కన ఎవరు కూర్చుంటున్నారోనని నేను అప్పటినుంచీ లోలోపల ఉడికిపోతున్నాను. సహెరీ సంగతి, ఉల్లిగడ్డ కారం సంగతి నీకు గుచ్చుకోవాలనే రాశాను. గుచ్చుకుంది. కానీ తగిలింది ఉజ్మాకు.

స్పెషల్ క్లాసులు ఆదివారం పొద్దున మాత్రమేనని మా పక్కింటి పంతులుగారు చెప్పారు. సిరిసిల్ల ఏమన్నా దుబాయా కౌసర్?

ప్రేమ


సిరిసిల్ల,
మార్చి 13.

ప్రేమా,

ఈ ఉత్తరంలో గీత గీయడం లేదు. భాస్కర్‌తో మొత్తం చదివించు, ఉజ్మా అక్కడ ఉన్నప్పుడే.

ఉజ్మా, నీమీద నాకు కుళ్ళు పుట్టింది. నువ్వేదో చేశావని కాదు. నేను లేకపోతే ఆ బల్ల దగ్గర ఒక ఖాళీ ఉంటుందని, అందరూ దాన్ని చూసి నన్ను తలుచుకుంటారని అనుకున్నాను. ఖాళీ నిండిందని తెలియగానే కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను. న్యాయం చెబుతున్నానని రాసిన ప్రతి తీర్పులోనూ నిన్ను బయట ఉంచాలన్నదే నా పంతం. ముందు తీర్పు అనుకుని, తర్వాత దానికి తగ్గ కారణం వెతికాను. మేకకు ఎరుక లేదన్నది నిజంగా గొప్ప వాదమేనని అప్పుడు నేను మురిసిపోయాను కూడా. నిన్న పిల్లలకు లెక్కలు చెబుతూ, జవాబు ముందే రాసుకుని లెక్క కింద నుంచి పైకి చేసిన ఒకణ్ణి మందలించబోయి ఆగిపోయాను.

తుడుపు నిద్రను కూడా తుడుస్తుందని నాకు తట్టలేదు. నాలుగు నెలలు చదివినదాన్ని, నాకు కనబడలేదు, నీకు మొదటిరోజే కనబడింది. ఇది రాయడానికి కూడా నాకు కష్టంగానే ఉంది, కుళ్ళు ఒక్క ఉత్తరంతో పోయేలా లేదు. కానీ తిరిగి ఆ కుర్చీలో కూర్చో. అట్టముక్క మడత పైకి ఉండాలి, అప్పుడు జారదు.

ఇక తీర్పు. మార్చి రెండున రాసింది కొట్టేస్తున్నాను. గీత పైన రాసినా, తీర్పు చెప్పే మనిషి తన కోపం తీర్చుకోవడానికి రాసింది తీర్పు కాదు. భాస్కర్ ఒప్పుకోకపోతే నాతో ఎదురుగా వాదించవచ్చు, ఎందుకంటే నేను వస్తున్నాను. పండుగ మరునాడు ఆదివారం. సితారను నిద్రలేపండి, ఆడడానికి మనిషి ఉంటుంది. ఆమె గడప మీద నిలబడి జుగ్నూ పేరు పలుకుతుంది. సంచులు, కోళ్ళు అక్కర్లేదు. ఆట అయ్యాక మళ్ళీ పడుకుంటుంది, కానీ ఈసారి అంత గాఢంగా కాదు.

ప్రేమా, క్లాసులు పొద్దున మాత్రమే. మధ్యాహ్నం బస్సుకు రావచ్చు. రాలేదు. నేను లేకుండా మీరు నవ్వుకుంటుంటే ఆ నవ్వు మెట్ల మీదనే వినబడుతుందేమోనని భయం. నీకు రాయనిది ఎందుకంటే, రాస్తే తిరిగి వచ్చేస్తానని. నువ్వు కూడా ఉడికిపోతున్నావని చదివి ఒక అరగంట నాకు ఎంత సంతోషమైందో చెబితే తిడతావు. అమ్మ చూసి, "క్యా హువా బేటా, లాటరీ తగిలిందా?" అంది.

రాధమ్మ టీచర్‌కు మీ అందరి సంగతీ చెప్పాను. తానూ వస్తానంటోంది. ఆవిడ పేరు గడప మీద నేను పలకను. పలకాలో వద్దో నువ్వు తేల్చు. ఈ ఒక్క తగవులో తీర్పు నీది.

కౌసర్


కోరుట్ల,
మార్చి 17.

కౌసర్,

తీర్పు: రాధమ్మ టీచర్ రావచ్చు. కానీ ఒక్క ఆదివారం గడప బయట నిలబడాలి. నువ్వు ఉజ్మాను డిసెంబరు నుంచి నిలబెట్టావు, కనుక నీకంటే నేను మంచిదాన్ని. పీట వేస్తాం. చాయ్ లోపలినుంచే వస్తుంది. సర్వప్ప తెస్తే గడప దగ్గర పరిశీలించబడుతుంది.

————

నీ ఉత్తరం భాస్కర్ మొత్తం చదివాడు. ఉజ్మా విని, "ఆపా అక్షరం మస్తుగున్నది" అంది. వెళ్ళేటప్పుడు సితారకు ఏ రంగు ఇష్టమని నన్ను అడిగింది. వాళ్ళ దుకాణం నుంచి గాజులు తెస్తుందనుకుంటా. నాకు ఇంతవరకు ఒక్క గాజు తేలేదు.

నువ్వొచ్చే రోజు కిటికీ పక్క కుర్చీ నీకు వదిలేస్తానంది. నేను వద్దన్నాను. అది ఆమెదే. నువ్వు నా పక్కన కూర్చో.

ప్రేమ